పొట్టు పొయ్యికి పొగ గొట్టం ఎందుకు రాలేదు?

చలి దేశాల ఇళ్ల వీడియోలు చూసే ఉంటారు. హాల్లో ఒక ఇనుప పొయ్యి, దానికి అద్దం తలుపు, పైకి పోయే గొట్టం. అందులో వాళ్లు వేసేవి అన్నిసార్లూ మామూలు కట్టెలు కావు. ఇటుకల్లా, రోకలి ముక్కల్లా ఉండే దుంగలు కూడా వేస్తారు. రంపపు పొట్టును మిషన్‌లో నొక్కి చేసినవి అవి. బ్రికెట్లు అంటారు. మొన్న మా తమ్ముడి కొడుకు అలాంటి వీడియో చూపించి "భలే కనిపెట్టిన్రు కదా పెద్దనాన్నా" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ పని లాల్‌దర్వాజలో మా నానమ్మ పచ్చడి బండతో చేసేది.

1970ల మాట. కట్టెలు తూకానికి కొనాలి. కిరోసిన్ రేషన్ కార్డు మీద రావాలి. 1973లో అరబ్ దేశాలు చమురు బిగించాక ప్రపంచమంతా ధరలు ఎగిరిపోయాయి, ఆ సెగ మా గల్లీ దాకా వచ్చింది. మిగిలింది పొట్టు. కోత మిల్లులో (మా దగ్గర ఆరా మిషన్ అంటారు) గోనె సంచి నింపుకుంటే కారుచౌక. నేనూ మా అన్నా సైకిల్ మీద తెచ్చేవాళ్లం. దారి పొడుగునా కారుతూనే ఉండేది, ఇంటికొచ్చాక తిట్లు.

ఇప్పుడు అసలు విద్య చూడండి. ఒక రేకు డబ్బా, కింద పక్కన ఒక బొక్క. మధ్యలో గాజు సీసా నిలబెట్టి, బొక్కలోంచి ఒక కర్ర దూర్చి, రెండూ తగిలేలా పెట్టాలి. చుట్టూ పొట్టు పోస్తూ దంచాలి. గట్టిగా. తర్వాత సీసాను మెల్లగా తిప్పుతూ పైకి, కర్రను పక్కకి లాగేయాలి. లోపల సొరంగం మిగులుతుంది. కింద నుంచి అంటిస్తే రెండు మూడు గంటలు నిదానంగా మండుతుంది. వదులుగా ఉన్న పొట్టు అయితే భగ్గుమంటుంది, లేదా ఊరికే పొగలు కక్కుతుంది. దంచితే గాలి ఆ సొరంగం గోడకే తగులుతుంది, అందుకే నెమ్మది. దంచడం తక్కువైతే మధ్యలో కూలుతుంది. కూలితే ఇల్లంతా పొగ, ఆ పూట అన్నం ఆలస్యం. "నీ చేతిల బలం లేదు బిడ్డా, జరుగు" అని నానమ్మ బండ లాక్కునేది.

మిషన్ చేసేదీ ఇదే, బలం వేలరెట్లు ఎక్కువ. 1880లోనే చికాగోకు చెందిన విలియం స్మిత్ పొట్టును వేడి చేసి ఆవిరి సుత్తితో నొక్కే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ఆ ఒత్తిడికీ వేడికీ చెక్కలో ఉండే లిగ్నిన్ మెత్తబడి జిగురులా పట్టేస్తుంది. వేరే జిగురు అక్కర్లేదు. మంచి బ్రికెట్ నీళ్లలో మునుగుతుంది, కాసేపటికి ఉబ్బి మళ్లీ పొట్టయిపోతుంది. మండేటప్పుడు కూడా ఉబ్బుతుంది కాబట్టి పొయ్యి నిండా కుక్కకూడదు. ఇప్పుడు మన దగ్గర కూడా వేరుశనగ పొట్టుతో ఇవే తయారై ఫ్యాక్టరీ బాయిలర్లకు వెళ్తున్నాయి, "వైట్ కోల్" అనే పేరుతో. నల్లగా ఉన్నా వైట్ కోలే, ఏం చేస్తాం.

కానీ నన్ను నిలవనీయనిది ఇంకొకటి. వాళ్ల పొయ్యికి గొట్టం ఉంది. మా నానమ్మ పొయ్యికి లేదు. పొట్టు సరిగ్గా అంటుకున్నాక పొగ తక్కువే, నిజం. అంటించేటప్పుడు మాత్రం కళ్లు తెరవలేం. కంటికి కనబడని కార్బన్ మోనాక్సైడ్ సంగతి అప్పుడు మాకెవరికీ తెలియదు.

మరి ఆ గొట్టం మన ఊరికి తెలియదా? తెలుసు! 1950లలో హైదరాబాద్ ఇంజినీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీలో డాక్టర్ ఎస్.పి. రాజు పొగలేని మట్టి పొయ్యి తయారు చేశారు. వేడి గాలి ఒక గిన్నె కింద నుంచి ఇంకో గిన్నె కిందికి పోయి, చివరికి గొట్టంలోంచి బయటికి వెళ్తుంది. లాబొరేటరీ పేరులోని ఇంగ్లీషు పొడి అక్షరాలతో దాన్ని "హెర్ల్ చూలా" అన్నారు. పొగలేని వంటిళ్ల మీద ఆయన 1953లో పుస్తకమే వేశారు. దేశంలో పొగలేని పొయ్యిల చరిత్ర రాసేవాళ్లు ఆ పేరు తలుచుకుంటారు. మా గల్లీలో ఎవరూ వినలేదు.

ఎందుకంటే ఆ పొయ్యి నేలకు కట్టుకోవాలి, గొట్టానికి కప్పులో రంధ్రం కావాలి. మాది కిరాయి ఇల్లు. ఓనరు గోడకు మేకు కొడితేనే ఒప్పుకునేవాడు కాదు. పొట్టు పొయ్యి అయితే చంకలో పెట్టుకుని ఇల్లు మారొచ్చు. పైగా వంటిల్లు నానమ్మది, ఇంటి ఖర్చు తాతది. పొగ మింగేది ఒకరు, డబ్బు తీసేది ఇంకొకరు. నా లెక్కలో అసలు కారణం ఇదే, కప్పు సంగతి తర్వాత. నొక్కిన పొట్టూ, పొగ గొట్టమూ ఒకే ఊళ్లో ఉండి కూడా మా ఇంట్లో కలవలేదు.

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. అప్పటికి నానమ్మ లేదు. చివరి ఏళ్లలో రాత్రంతా దగ్గేది, మేం చలికనుకున్నాం. ఏటా బోనాలకు ముందు వంటింటికి సున్నం వేసేవాళ్లం, దసరాకల్లా కప్పు మళ్లీ నల్లబడేది. ఆ కప్పు మాకు రోజూ కనబడుతూనే ఉంది.

మీ ఇంట్లో పొట్టు పొయ్యి దంచినవాళ్లు ఉంటే ఒకసారి అడగండి, మధ్యలో సీసా పెట్టేవాళ్లా, కర్రా అని. ఎక్కువమంది సీసా అనే చెబుతారు. కర్ర పెడితే బయటికి రాక చచ్చేవాళ్లం.