ఉత్తరపు వెలుగు

ఎండను తప్పించుకొనుటకై వసారాలు దించుకొను మనకు, ఒక పాఠశాల వెలుగుకొరకై తన ముఖమంతయు గవాక్షములుగా చేసికొన్నదనిన వింతగా తోచును. కాని స్కాట్లండునందలి గ్లాస్గో నగరము ఇంచుమించు 56 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. శీతకాలమున అచటి పగలు కురుచ. ఆ కొంచెపు వెలుతురును గూడ ఆ కాలమున కర్మాగారముల పొగ మింగుచుండెను. అట్టి ఊర చిత్రకళాపాఠశాలకై 1896లో నమూనాలు కోరిన పాలకవర్గమువారు 14,000 పౌనులలో ముగియు సాదా కట్టడము చాలుననగా, హనీమన్ అండ్ కెప్పీ సంస్థలో పనిచేయుచుండిన యువకుడు చార్లెస్ రెన్నీ మాకింటాష్ గీసిన నమూనా నెగ్గెను. సొమ్ము చాలమిచే సగము 1899 నాటికిని, తక్కిన సగము 1909 నాటికిని పూర్తియయ్యెను.

రెన్‌ఫ్రూ వీథివైపు, అనగా ఉత్తరదిశను, చిత్రశాలలకు అతడు బృహద్గవాక్షముల నమర్చెను. ఆ దిక్కున సూర్యకాంతి నేరుగా చొరదు గనుక, ఎదుట కూర్చున్న మనిషి చెంపమీది నీడ గడియగడియకు కదలదు. చిత్రకారునకు అంతకంటె కావలసినదేమి? ఆ కిటికీలముందు ముడులువడిన తీగెలవలె నున్న ఇనుప ఊతలను చూచి అలంకారమని మురియుదుము. అద్దములు తుడుచువాడు పలక వేసికొనుటకు గూడ అవియే ఆధారములు. సొగసుచేత గూడ చాకిరి చేయించు ఈ గడుసుదనమే నాకు ఆ భవనమున మిక్కిలి ప్రియము.

గ్రంథాలయము తీరు వేరు: నల్లని దారుస్తంభముల నడుమ, అడవిలోవలె, పొడవాటి పడమటి కిటికీలనుండి సన్నగా జారు కాంతి, నడుమ గుత్తులుగా వ్రేలాడు విద్యుద్దీపములు. వానిని గూడ అతడే రూపొందించెను.

2014లో అదే వీథిలో ఎదురుగా, అమెరికా వాస్తుశిల్పి స్టీవెన్ హోల్ కల్పించిన, ఆ పాఠశాలకే చెందిన రీడ్ భవనము వెలసెను. పాతదాని రాతితో పోటీపడక, లేతపచ్చని గాజు తొడిగికొని, లోన వాలుగా దిగిన మూడు కాంక్రీటు గొట్టములగుండ పగటివెలుగును క్రింది అంతస్తులకు దింపుకొనుట దాని నేర్పు. పాత కిటికీలకెదురుగా అంత గాజుకొండ యేల యన్న విమర్శకులమాట నేను బొత్తిగా త్రోసివేయజాలను.

ఆ యేటనే మే 23న, విద్యార్థులు తమ ప్రదర్శనకు సన్నాహము చేయుచుండగా, పాత భవనపు నేలమాళిగలో నురుగుడబ్బానుండి వెలువడిన వాయువు వేడెక్కిన ప్రొజెక్టరును సోకి భగ్గుమనెను. చలికి వెచ్చనిగాలి పంపుటకై గోడలలో నాడు విడిచిన మార్గములే మంటకు దారులయ్యెను. గ్రంథాలయము బూడిదయ్యెను, పురావస్తు త్రవ్వకమునందువలె ఆ బూడిదను గళ్లుగా విభజించి జల్లించి, దీపముల తునకలను ఏరిరి. పునర్నిర్మాణము తుదిదశకు వచ్చుచుండగా 2018 జూన్ 15 రాత్రి మరల నిప్పంటుకొని, మొండిగోడలను మాత్రము మిగిల్చెను.

వీథికి అటు గాజుభవనమున చదువు సాగుచున్నది. ఇటు, పరంజాల చాటున, ఉత్తరముఖముగా ఆ గోడలు నిలిచియున్నవి.