గడ్డకట్టించడం సులువే!

మొన్న నాలుగు టమాటాలు పొరపాటున ఫ్రిజ్ పై అరలో, ఐసు పెట్టేచోట పెట్టి మరిచిపోయాను. పొద్దున్నే తీస్తే గోలీల్లా గట్టిగా ఉన్నాయి. ఫరవాలేదులే అనుకున్నాను. గంటయ్యాక చూద్దును గదా, పళ్ళెం నిండా నీళ్ళు, మధ్యలో నాలుగు తోలు తిత్తులు! "పచ్చడిక్కూడా పనికిరావమ్మాయ్" అన్నారు మా అత్తయ్యగారు.

నేను హిస్టరీ బి.ఏ.ని. సైన్సంటే ఆమడ దూరం. అయినా ఎందుకిలా అయిందా అని పుస్తకాలు తిరగేశాను. గడ్డకట్టేటప్పుడు నీరు సూదుల్లాంటి మంచు పలుకులై కణాల పొరల్ని చీల్చేస్తుందట. మనిషి కణాలకూ ఇదే గండం. తొందరగా చల్లబరిస్తే కణం లోపలే మంచు పుడుతుంది. మరీ నెమ్మదిగా చల్లబరిస్తే లోపలి నీరు బయటికి పోయి, ఉప్పులో ఊరిన ముక్కలా కణం ముడుచుకుపోతుంది. 1949లో లండన్‌లో పోల్జ్, ఆడ్రీ స్మిత్, పార్క్స్ అనే ముగ్గురు ఒక ఉపాయం కనిపెట్టారు. గ్లిజరిన్ కలిపితే కోడిపుంజు వీర్యకణాలు మంచులోనూ బతికాయి. చలికాలం మనం చేతులకు రాసుకునే గ్లిజరినేనండీ!

ఆ వెతుకులాటలోనే ఒక కలకత్తా డాక్టరు కథ దొరికింది. పేరు సుభాష్ ముఖర్జీ. ఆయనకు తోడుగా నిలిచినవారిలో ఒకరు, జాదవ్‌పూర్ యూనివర్సిటీలో ఆహార పదార్థాల టెక్నాలజీ చెప్పే సునీత్ ముఖర్జీ. తల్లి గర్భం బయట రూపుకట్టిన పిండాన్ని డి.ఎం.ఎస్.ఓ. అనే రసాయనం కాపుదలలో గడ్డకట్టించి, 53 రోజులు దాచి, కరిగించి, మళ్ళీ తల్లి గర్భంలో పెట్టామన్నారు. ఆ కరిగించడంలోనే ఉంది కష్టమంతా. మంచు పలుకులు మళ్ళీ పెరగకూడదు. కాపాడిన రసాయనాన్ని మెల్లమెల్లగా వదిలించాలి. ఒక్కసారిగా కడిగితే కణం నీళ్ళు తాగి ఉబ్బి పగిలిపోతుంది. 1978 అక్టోబర్ 3న ఆడపిల్ల పుట్టింది. ప్రపంచంలో తొలి టెస్ట్‌ట్యూబ్ పాప ఇంగ్లండులో పుట్టి అప్పటికి మూడు నెలలైనా కాలేదు. ఆ పాప విషయంలో ఈ గడ్డకట్టించడమనే గండమే లేదు.

తర్వాతి సంగతి రాయడానికి చెయ్యాడడం లేదు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన కమిటీ ఆయన మాట నమ్మలేదు. 1979లో జపాన్ నుంచి పిలుపొస్తే వెళ్ళనివ్వలేదు. 1981లో, హార్మోన్ల మీద జీవితం ధారపోసిన మనిషిని కంటి వైద్య సంస్థకు బదిలీ చేశారు. ఆ జూన్ 19న ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. అప్పటికి యాభై ఏళ్ళు.

1984లో ఆస్ట్రేలియాలో గడ్డకట్టించిన పిండం నుంచి బిడ్డ పుడితే, లోకం అదే మొదటిదంది. 1986లో బొంబాయిలో పుట్టిన టెస్ట్‌ట్యూబ్ పాపే మన దేశంలో మొదటిదన్నారు. ఆ బొంబాయి విజయం వెనక ఉన్న శాస్త్రవేత్త టి.సి. ఆనంద్ కుమార్, ముఖర్జీ కాగితాలు చదివి, ఆ గౌరవం తమది కాదని, కలకత్తా డాక్టరుదేనని 1997లో రాశారు. తన కీర్తిని తనే ఇలా వదులుకునే మనిషిని నా నవలలో పెడితే, ఎడిటరుగారు "మరీ ఆదర్శం" అని కొట్టేస్తారు.

గడ్డకట్టించడానికి చలి చాలు. ప్రాణంతో తిరిగి తేవడానికే ఓపికగల చెయ్యి కావాలి. ముఖర్జీ విషయంలో ఆ చెయ్యి పదహారేళ్ళు ఆలస్యంగా వచ్చింది.