మిర్గీ పర్హేజ్ నుంచి కీటో దాకా: చిటికెడు నమక్ తవారీఖ్

ఈ కొన్నేళ్లలో మన దస్తర్‌ఖాన్ మీదికి కొత్తగా వచ్చిన మాట 'కీటో'. ఏ దావత్‌కి వెళ్లినా "నాకు చావల్ వద్దు భాయ్, గోష్త్ ఒక్కటే వెయ్యి" అనేవాళ్లు ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు. రోటీ బంద్, చావల్ బంద్, మీఠా బంద్. మొదటి రెండ్రోజులు జోష్‌గానే గడుస్తాయి. మూడో రోజుకల్లా తలనొప్పి, లేచి నిలబడితే చక్కర్, రాత్రి పిక్కలు పట్టేయడం, గుండె దడదడ, ఒళ్లంతా కమ్‌జోరీ. దీనికి 'కీటో ఫ్లూ' అని పేరు పెట్టారు. జ్వరం ఉండదు, వైరస్ ఉండదు, పేరు మాత్రం ఫ్లూ.

జిస్మ్‌లో పేరుకున్న జహర్ బయటికి పోతోంది, సబర్ చేయాలి అని కొందరు చెబుతారు. పోయేది జహర్ కాదు. ఎక్కువగా పోయేది నీళ్లూ, నమక్కూ. ఈ సంగతి డాక్టర్లకు వందేళ్ల కిందటే తెలుసు. అది ఎవరి వల్ల తెలిసిందో, మధ్యలో ఎలా మరుగున పడిందో, దాని ఖరీదు ఎవరు కట్టారో తెలిస్తే, ఇవాళ మన ఇంట్లో కీటో మొదలుపెట్టే ముందు ఏం అడగాలో కూడా తెలుస్తుంది.

మిర్గీకి ఉపవాసం

కీటో పుట్టింది వజన్ తగ్గించడానికి కాదు, మిర్గీ ఇలాజ్ కోసం. తిండి మానేస్తే మిర్గీ దౌరాలు తగ్గుతాయన్నది చాలా పురానా గమనిక. 1911లో ప్యారిస్‌లో గెల్పా, మారీ అనే ఇద్దరు డాక్టర్లు ఉపవాసంతో మిర్గీ ఇలాజ్ గురించి రాశారు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం బ్యాటిల్ క్రీక్ ఊళ్లో హ్యూ కాంక్లిన్ అనే ఆస్టియోపతీ వైద్యుడు ఇంకో అడుగు ముందుకేశాడు. మిర్గీ పిల్లలను రెండు మూడు వారాలపాటు కేవలం నీళ్ల మీద ఉంచేవాడు. పేగుల్లో పుట్టే ఒక జహర్ దిమాగ్‌కి ఎక్కి మిర్గీ వస్తుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకం తప్పు. అయినా చాలామంది పిల్లలకు దౌరాలు తగ్గడం మాత్రం నిజం.

కాంక్లిన్ దగ్గరికి వచ్చిన పిల్లల్లో న్యూయార్క్ వకీల్ చార్లెస్ హౌలాండ్ కొడుకు ఒకడు. ఆ వకీల్ తమ్ముడు జాన్ హౌలాండ్ బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో పిల్లల వైద్య విభాగానికి పెద్ద. ఉపవాసం ఎందుకు పనిచేస్తోందో కనుక్కోమని 1919లో చార్లెస్ 5,000 డాలర్లు ఇచ్చాడు. ఆ పని జేమ్స్ గ్యాంబుల్ అనే యువ డాక్టర్ చేతికి వచ్చింది.

గ్యాంబుల్ మిర్గీకి జవాబు కనుక్కోలేదు. కానీ ఇంకో ఖజానా దొరికింది. ఉపవాసంలో ఉన్న పిల్లల పేషాబ్‌ను రోజూ కొలిచి, అందులో సోడియం ఎంత, పొటాషియం ఎంత అని హిసాబ్ రాశాడు. 1923లో అచ్చయిన ఆ పరిశోధన తేల్చిందేమిటంటే, తిండి ఆగిన తొలి రోజుల్లో జిస్మ్ నీళ్లతోపాటు లవణాలను కూడా పెద్ద మొత్తంలో వదిలేస్తుంది. కణాల బయట ఉండే నీళ్లు పోతే సోడియం పోతుంది, కణాల లోపలి నీళ్లు పోతే పొటాషియం పోతుంది. ఆ తొలి రోజుల్లో పడిపోయే వజన్‌లో చర్బీ భాగం కొంచెమే.

ఇవాళ ఏ దవాఖానాలోనైనా మరీజ్‌కి సెలైన్ ఎక్కించేటప్పుడు సోడియం ఎంత, పొటాషియం ఎంత అని హిసాబ్ చూస్తారు. ఆ హిసాబ్‌కి పునాది వేసినవాళ్లలో గ్యాంబుల్ పేరు ముందు వరుసలో ఉంటుంది. ఆ ఇల్మ్ వచ్చింది ఖాళీ కడుపుతో పడుకున్న కొందరు మిర్గీ పిల్లల సీసాల్లోంచి.

ఉపవాసం లేకుండా ఉపవాసం

పిల్లలను ఎన్నాళ్లని పస్తులుంచగలం? 1921లో మినెసోటాలోని మేయో క్లినిక్ డాక్టర్ రస్సెల్ వైల్డర్ ఒక ఉపాయం చెప్పాడు. చర్బీ బాగా పెంచి, చక్కెర, పిండిపదార్థాలు దాదాపు తీసేస్తే, తింటూ ఉన్నా జిస్మ్ ఉపవాసంలో ఉన్నట్టే కీటోన్లు తయారు చేస్తుంది. ఆ తిండికి 'కీటోజెనిక్ డైట్' అనే పేరు ఆయన పెట్టిందే. అదే క్లినిక్‌లో మైనీ పీటర్‌మన్ దానికి లెక్క కట్టాడు. పిల్లవాడి ప్రతి కిలో వజన్‌కి 1 గ్రాము ప్రొటీన్, రోజు మొత్తానికి 10 నుంచి 15 గ్రాముల పిండిపదార్థం, మిగతాదంతా చర్బీ. వందేళ్ల తర్వాత కూడా హాస్పిటళ్లలో వాడే లెక్క దానికి దగ్గరగానే ఉంది.

తక్లీఫులు అప్పుడే కనిపించాయి. వాంతులు, మలబద్ధకం, నీరసం, కొందరికి గుర్దాల్లో రాళ్లు. వీటిని పెంచిన ఆచారాలు కూడా రెండు ఉండేవి. పర్హేజ్ మొదలుపెట్టే ముందు పిల్లవాడిని ఒకటి రెండు రోజులు పస్తు ఉంచడం ఒకటి, తాగే నీళ్లను తగ్గించడం రెండోది. నీళ్లు తగ్గితే ఫాయిదా ఎక్కువని దశాబ్దాలపాటు అనుకున్నారు. తర్వాత తజుర్బా మీద తెలిసింది, నీళ్లు తగ్గించనక్కర్లేదు, పస్తు కూడా తప్పనిసరి కాదు అని. రాళ్లు రాకుండా పొటాషియం సిట్రేట్ ఇవ్వడం జాన్స్ హాప్కిన్స్ డాక్టర్లు అలవాటు చేశారు.

1938లో ఫెనిటాయిన్ అనే గోలీ వచ్చింది. గోలీ మింగడం తేలిక, ప్రతి ముద్దా తూచి పెట్టడం కష్టం. కీటో పర్హేజ్ మెల్లగా మూలకు పోయింది. 1994లో హాలీవుడ్ డైరెక్టర్ జిమ్ అబ్రహామ్స్, గోలీలకు లొంగని మిర్గీ ఉన్న తన కొడుకు చార్లీకి ఈ పర్హేజ్ పనిచేయడంతో ఒక ఫౌండేషన్ పెట్టాడు. దాంతో అది మళ్లీ ముందుకొచ్చింది. 2008లో లండన్‌లో 145 మంది పిల్లల మీద జరిగిన పరిశోధనలో, కీటో తిన్న పిల్లల్లో 38 శాతం మందికి దౌరాలు సగానికి పైగా తగ్గాయి. మామూలు తిండి తిన్నవాళ్లలో అది 6 శాతమే. మిర్గీ విషయంలో కీటో మామూలు ఫ్యాషన్ కాదు, డాక్టర్, డైటీషియన్ కళ్ల ముందు నడిచే ఇలాజ్.

మంచు దేశంలో మూడు వారాలు

'కీటో ఫ్లూ'ను పోలిన కథ ఇంకా ముందే ఒక ఫౌజీ చెప్పాడు. అమెరికన్ లెఫ్టినెంట్ ఫ్రెడరిక్ ష్వాట్కా 1878-80లో ఆర్కిటిక్ మంచులో మూడు వేల మైళ్లకు పైగా తిరిగాడు. ఇన్యూట్‌ల లాగా రెయిన్‌డీర్ గోష్త్ మీద బతకాల్సి వచ్చింది. పూర్తిగా గోష్త్ మీదికి మారినప్పుడు మొదట్లో కమ్‌జోరీ కమ్ముకుందని, మెహనత్ పని చేయలేకపోయారని, రెండు మూడు వారాల్లో అది పోయిందని ఆయన రాసుకున్నాడు.

1928లో విల్యాల్మర్ స్టెఫాన్సన్ అనే యాత్రికుడు, తన సాథీ కార్‌స్టెన్ ఆండర్సన్‌తో కలిసి న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ హాస్పిటల్ డాక్టర్ల నిగరానీలో ఏడాది పొడుగునా గోష్త్ మీదే ఉన్నాడు. చర్బీ లేని గోష్త్ పెట్టినప్పుడు రెండు మూడు రోజుల్లోనే కడుపు చెడి మంచం పట్టాడు. చర్బీ కలిపాక కుదుటపడ్డాడు. అంటే కీటో పేరుతో చికెన్ బ్రెస్ట్ ఒక్కటే తింటూ నూనె, నెయ్యి మానేసేవాళ్లు అసలు కీటోయే చేయడం లేదన్నమాట.

నమక్ ఎందుకు పోతుంది

రెండో ప్రపంచ యుద్ధంలో సముద్రంలో కొట్టుకుపోయే సిపాయిల పడవల్లో ఏ తిండి పెట్టాలన్న సవాల్ వచ్చింది. దాన్ని మళ్లీ గ్యాంబుల్‌నే చూడమన్నారు. రోజుకు కేవలం 100 గ్రాముల గ్లూకోజ్ ఇస్తే, పస్తున్న మనిషి జిస్మ్ నుంచి నీళ్ల నష్టం బాగా తగ్గుతుందని ఆయన చూపించాడు. 1960లలో అట్లాంటాలో వాల్టర్ బ్లూమ్ అనే డాక్టర్ దీన్ని ఇంకా సాఫ్‌గా చెప్పాడు. ఉపవాసంలో గుర్దాలు నమక్‌ను వదిలేస్తాయి, కాస్త పిండిపదార్థం ఇవ్వగానే ఆ వదలడం ఆగిపోతుంది.

మరో కుంజీ 1975లో దొరికింది. ఇన్సులిన్ పని చక్కెరను కణాల్లోకి పంపడం ఒక్కటే కాదు, సోడియంను పట్టి ఉంచమని గుర్దాలకు హుకుం ఇవ్వడం కూడా. చావల్, రోటీ మానేస్తే ఇన్సులిన్ తగ్గుతుంది. హుకుం ఢీలా పడుతుంది. గుర్దాలు సోడియంను వదిలేస్తాయి, దాని వెంట నీళ్లు పోతాయి. కాలేజాలో, కండల్లో దాచుకున్న గ్లైకోజెన్ ఖర్చయినప్పుడు కూడా దాన్ని అంటిపెట్టుకున్న నీళ్లు పోతాయి. మొదటి వారంలో కాంటా మీద తగ్గే రెండు మూడు కిలోల్లో ఎక్కువ భాగం ఇదే. వలీమాలో ఒక ప్లేట్ బిర్యానీ తిన్న మర్నాడు ఒకటి రెండు కిలోలు తిరిగి కనిపిస్తే గాబరా పడనక్కర్లేదు, అది కూడా ఇవే నీళ్లు.

ఖూన్‌లో నీళ్లు తగ్గితే లేచి నిలబడగానే బీపీ పడిపోతుంది, చక్కర్ వస్తుంది. సోడియం తగ్గితే తలనొప్పి, కమ్‌జోరీ. సోడియం కాపాడుకోవడానికి జిస్మ్ పొటాషియంను ఎక్కువగా వదిలితే కండలు పట్టేస్తాయి, దిల్ దడదడలాడుతుంది. ఇక్కడ చాలామంది చేసే పని సాదా నీళ్లు లీటర్లకు లీటర్లు తాగడం. నమక్ పోయినచోట నీళ్లు మాత్రమే పోస్తే ఉన్న సోడియం ఇంకా పల్చబడుతుంది.

మరిచిపోయిన సబక్

ఇంత ఇల్మ్ ఉన్నా బజారు దాన్ని పట్టించుకోలేదు. 1976లో రాబర్ట్ లిన్ అనే ఆస్టియోపతీ డాక్టర్ రాసిన 'ది లాస్ట్ చాన్స్ డైట్' అమెరికాలో మషూర్ అయింది. జంతువుల చర్మం, నరాల నుంచి తీసిన ప్రొటీన్ ద్రవం తాగుతూ మిగతా తిండి మానేయాలి. అది చర్బీతో కూడిన కీటో కాదు, దాదాపు పస్తే. తాగినవాళ్లలో సుమారు 60 మంది మరణాల మీద ప్రభుత్వం విచారణ చేయాల్సి వచ్చింది. కొందరికి దిల్ ధడ్కన్ తాళం తప్పి ప్రాణం పోయింది. ప్రొటీన్ నాసిరకం కావడం, పొటాషియం, మెగ్నీషియం లాంటి ఖనిజాలు అందకపోవడం అనుమానాల్లో ముందున్నాయి. యాభై ఏళ్ల కిందట గ్యాంబుల్ రాసిపెట్టిన హిసాబ్ ఎవరైనా తిరగేసి ఉంటే, నెలల తరబడి అలా బతకమని చెప్పే ముందు వణికేవాళ్లు.

దీనికి జవాబ్ లాంటి పని 1983లో స్టీఫెన్ ఫిన్నీ చేశాడు. ఐదుగురు సైకిల్ పందెగాళ్లకు నాలుగు వారాలు కీటో తిండి పెట్టి, సోడియం, పొటాషియం వగైరా ఖనిజాలు విడిగా ఇచ్చాడు. చివర్లో కూడా వాళ్లు మునుపటంత సేపు సైకిల్ తొక్కగలిగారు. జుర్రుకునే ఉప్పటి షోర్బా కీటో పుస్తకాల్లోకి వచ్చింది ఈ దారిలోనే.

మన చౌకా, మన దవా

మన రెండు రాష్ట్రాల్లో 2018 నాటికి వీరమాచనేని రామకృష్ణ గారి కార్యక్రమం ద్వారా ఈ తిండి గల్లీగల్లీకి చేరింది. కొవ్వు, నిమ్మకాయలు, 4 లీటర్ల నీళ్లు, మల్టీ విటమిన్ గోలీలు అనే నాలుగు స్తంభాలు చాలామందికి కంఠతా వచ్చాయి. టీవీల్లో డాక్టర్లతో బహస్ కూడా నడిచింది. ఆ బహస్‌లో నమక్ గురించి మనం అడగాల్సిన సవాల్ మాత్రం ఇంటింటికీ వేరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు నమక్ చాలంటుంది. అంటే దాదాపు ఒక చెంచా, అందులో 2 గ్రాముల సోడియం. ఫిన్నీ లాంటి కీటో డాక్టర్లు రోజుకు 5 గ్రాముల సోడియం దాకా, అంటే సుమారు 12 గ్రాముల నమక్ అంటారు. ఈ రెండో లెక్క పూర్తిగా కీటోలో ఉన్న, బీపీ గానీ దిల్, గుర్దా బీమారీలు గానీ లేని మనిషికే. పొద్దున చావల్, సాయంత్రం కీటో అనేవాళ్లకు అసలు వర్తించదు. ఏ బీమారీ లేనివాళ్లకు ఇలాజ్ మన చౌకాలోనే ఉంది. ఎముకలతో మరగబెట్టిన యఖ్నీ గానీ, పాయా షోర్బా గానీ, మరగ్ గానీ నమక్ వేసి పొద్దున ఒక గిన్నె, సాయంత్రం ఒక గిన్నె. పొటాషియం కోసం పాలకూర, మెంతికూర.

బీపీ, షుగర్ ఉన్న ఇళ్లలో ఎహతియాత్ వేరు. కీటో మొదలైన వారంలోనే బీపీ, షుగర్ రెండూ దిగుతాయి. పాత మోతాదులోనే గోలీలు, ఇన్సులిన్ నడిస్తే పెద్దవాళ్లు బాత్రూంలో పడిపోయే ఖతరా ఉంది. మోతాదు మార్చేది డాక్టరే, ముందే వెళ్లి అడగాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ గోలీలు వాడేవాళ్లలో, షుగర్ పెద్దగా పెరగకపోయినా ఖూన్ ఆమ్లంగా మారే ప్రమాదం ఉందని అమెరికా ఔషధ సంస్థ 2015లోనే హెచ్చరించింది. వాళ్లు సొంతంగా కీటో చేయకూడదు. 'లో సోడియం' నమక్‌లో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. టెల్మిసార్టన్, రామిప్రిల్ వాడేవాళ్లకు, గుర్దా మరీజ్‌లకు అది దిల్ మీదికే వస్తుంది. లాహోరీ నమక్ కూడా ప్రధానంగా సోడియం క్లోరైడే, రంగు మారినంత మాత్రాన హిసాబ్ మారదు. రంజాన్ నెలలో రోజాతోపాటు కొత్తగా కీటో మొదలుపెట్టడం కూడా మంచిది కాదు. పగలంతా నీళ్లూ నమక్కూ తీసుకునే దారి ఉండదు కదా.

హాముళ్‌గా ఉన్న, పాలిస్తున్న బహెన్లు డాక్టర్ చెప్పకుండా దీని జోలికి పోవద్దు. పిల్లలకు మిర్గీ ఉంటే, ఫోన్‌లో చూసి కాకుండా న్యూరాలజిస్ట్ దగ్గరే మొదలుపెట్టాలి. అక్కడ ప్రతి గ్రాముకూ హిసాబ్ ఉంటుంది, ఖూన్ పరీక్షలు ఉంటాయి. ఎవరైనా "చక్కర్ వస్తే రానీ, జహర్ పోతోంది" అంటే మాత్రం వినకండి. కూర్చోబెట్టండి, బీపీ చూడండి, వాడుతున్న గోలీల చీటీ తీసుకుని ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.