మొదటి సంవత్సర రచనకు కొలబద్ద: అమెరికా కళాశాలల అనుభవము

విద్యార్థి వ్రాసిన వ్యాసమునకు మార్కులు వేయుట ఒకటి. అతడు వ్రాయుట నేర్చుకొనెనా అని తెలిసికొనుట మరియొకటి. అమెరికా కళాశాలలు ఈ భేదమును ఎట్లు గ్రహించెనో ఈ వ్యాసములో క్లుప్తముగా పరిశీలించుదము.

1. ప్రవేశ పరీక్ష

1874లో హార్వర్డ్ కళాశాల ప్రవేశార్థులకు ఆంగ్ల రచనలో పరీక్ష పెట్టెను. అక్షరదోషములు, విరామ చిహ్నములు, వ్యాకరణము ముఖ్యముగా చూడబడెను. 1879లో పరీక్ష వ్రాసిన 316 మందిలో 157 మంది తప్పిరి. 1885లో రచనా బోధన మొదటి సంవత్సరమునకు మార్చబడెను. 1892లో ఒక సంఘము విద్యార్థుల వ్రాతలను పరిశీలించి, లోపము ఉన్నత పాఠశాలలదేనని తేల్చెను. పరీక్ష దోషములను లెక్కించెనే గాని నేర్పును కొలువలేదు.

2. దిద్దువారి మధ్య భేదము

1961లో పాల్ డీడరిక్, ఆయన సహచరులు ప్రకటించిన పరిశోధన ఈ చరిత్రలో కీలకమైనది. కళాశాలలో క్రొత్తగా చేరిన విద్యార్థుల 300 వ్యాసములను 53 మందికి ఇచ్చి, తొమ్మిది శ్రేణులుగా విభజింపుమనిరి. వారిలో ఉపాధ్యాయులే గాక న్యాయవాదులు, సంపాదకులు, వ్యాపారులు కూడ ఉండిరి. ప్రమాణములేవియు ముందుగా చెప్పలేదు. ఫలితముగా నూటికి 94 వ్యాసములకు ఏడు గాని అంతకు మించి గాని వేర్వేరు శ్రేణులు వచ్చెను! ఏ వ్యాసమునకును ఐదింటికి తక్కువ రాలేదు. అయితే ఇది కేవలము గందరగోళము కాదు. కొందరు భావములకు, కొందరు క్రమమునకు, కొందరు శైలికి, కొందరు వ్యాకరణాది నియమములకు, కొందరు పదప్రయోగమునకు ప్రాధాన్యమిచ్చిరని పరిశోధకులు కనుగొనిరి.

దీనికి రెండు పరిష్కారములు ఆచరణలో నుండెను. మొదటిది, జవాబును ఎన్నుకొను పరీక్ష. ఇందులో దిద్దువారి భేదము లేదు గాని విద్యార్థి ఒక వాక్యమైనను వ్రాయడు. రెండవది, దిద్దువారు నమూనా వ్యాసములపై ముందుగా ఏకాభిప్రాయమునకు వచ్చి, వ్యాసమును మొత్తముగా చదివి ఒకే అంకె వేయుట. 1966 నాటి గాడ్‌షాక్ బృందపు పరిశోధన ఈ పద్ధతికి బలమిచ్చెను.

3. రచనల సంపుటి

1980ల్లో న్యూయార్క్ రాష్ట్రములోని స్టోనీ బ్రూక్‌లో పీటర్ ఎల్బో, పాట్ బెలనాఫ్ ఒక్క పూట పరీక్షను విడిచి, తిరగవ్రాసిన రచనలతో కూడిన సంపుటిని ప్రవేశపెట్టిరి. తరగతిలో వ్రాసినదొకటి అందులో చేరును. విద్యార్థిని ఎరుగని మరియొక అధ్యాపకుడు దానిని చదువును.

ముగింపు

అంకెలు కుదిరినంత మాత్రమున నేర్చుకొనుట ఋజువు కాదు. మొదటి ప్రతిని, దిద్దుకొన్న ప్రతిని ప్రక్కప్రక్కన పెట్టినప్పుడే ఎదుగుదల కనబడును. మేము గ్రహించినది ఇది: ఏమి చూచుచున్నామో ముందుగా విద్యార్థికి చెప్పని మూల్యాంకనము, విద్యార్థి కంటె దిద్దువానినే ఎక్కువగా బయలుపరచును.