అద్దె ఇంటి నుంచి సొంత ఇంటికి: హైదరాబాదు ప్రణాళికాబద్ధ కాలనీల పరిణామం

1. ప్రవేశిక

నగర శివార్లలో ప్రభుత్వం నిర్మించిన నివాస కాలనీలను సాధారణంగా నగర విస్తరణలో భాగంగానే పరిశీలిస్తారు. అయితే ఇల్లు ఎవరి కోసం, ఏ హక్కుతో అన్న ప్రశ్నకు ఆయా కాలాల పాలనా వ్యవస్థలు ఇచ్చిన సమాధానాలు కూడా వాటిలో నిక్షిప్తమై ఉన్నాయి. హైదరాబాదులో ఈ సమాధానం ఇరవయ్యో శతాబ్దంలోనే మౌలికంగా మారింది.

2. ప్రజారోగ్య దృక్పథం

1896లో ప్రబలిన ప్లేగు ఫలితంగా బొంబాయిలో 1898లో నగరాభివృద్ధి ట్రస్టు ఏర్పడింది. హైదరాబాదులోనూ విపత్తులే ప్రణాళికకు దారితీశాయి. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలమందిని బలిగొన్నది. 1911లో ప్లేగు వ్యాపించింది. మరుసటి ఏడాది, మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో, నగరాభివృద్ధి బోర్డు ఏర్పాటైంది. ఇరుకు బస్తీలను తొలగించడం, రహదారులను వెడల్పు చేయడం, గాలి వెలుతురు గల ఇళ్లను నిర్మించి అద్దెకివ్వడం దాని ప్రధాన కార్యక్రమాలు. ఇళ్లను స్తోమతను బట్టి తరగతులుగా విభజించారు. తొలగింపు నిర్ణయంలో బస్తీవాసులకు పాత్ర లేదు. అయినా అద్దె పద్ధతిలో ఇంటి యాజమాన్యం బోర్డుదే కనుక, ఒక కుటుంబం ఖాళీ చేసిన ఇంటిని అదే స్తోమత గల మరొక కుటుంబానికి కేటాయించే అధికారం బోర్డు చేతిలో నిలిచింది.

3. యాజమాన్య దృక్పథం

రాష్ట్రావతరణానంతరం గృహనిర్మాణ మండలి ప్రజా గృహనిర్మాణ బాధ్యతను చేపట్టింది. 1970లో ఏర్పడిన హడ్కో రుణాలతో ఆదాయ వర్గాల విభజన దేశవ్యాప్తంగా స్థిరపడింది. దీనికి ప్రముఖ ఉదాహరణ కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ. ముంబయి రహదారి పక్కన, బాలానగర్, సనత్‌నగర్ పారిశ్రామిక వాడలకు చేరువలో ఇది వెలసింది. అల్పాదాయ, మధ్యాదాయ, అధికాదాయ వర్గాలకు వేర్వేరు కొలతల ఇళ్లు కేటాయించారు. ఎల్.ఐ.జి., ఎం.ఐ.జి., హెచ్.ఐ.జి. అనే పాలనాపరమైన పొడి అక్షరాలు ఇంటి చిరునామాలయ్యాయి. వాయిదాలు చెల్లించిన లబ్ధిదారుడు యజమాని అయ్యాడు. నెలజీతంపై బతికే కుటుంబానికి ఇది అసాధారణమైన భద్రత.

4. మార్కెట్ ప్రవేశం

యాజమాన్యంతోపాటు అమ్మకపు హక్కు కూడా సంక్రమించింది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభం తరువాత సమీప ప్రాంతాల్లో నేల విలువ పెరిగింది. 2007లో కూకట్‌పల్లి మహానగర పాలక సంస్థలో విలీనమైంది. 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చింది. ఒక కుటుంబానికి ఉద్దేశించిన చిన్న స్థలాల్లో అంతస్తులు లేచాయి, వసతిగృహాలు వెలిశాయి. ఒకనాటి అల్పాదాయ వర్గపు ఇల్లు అద్దె ఆదాయాన్నిచ్చే ఆస్తిగా మారింది. చిరునామాలో వర్గం మిగిలింది కాని, ఆ వర్గానికి అక్కడ ఇల్లు కొనే స్తోమత మిగలలేదు.

5. ముగింపు

మొదటి విధానం నివాసితునికి హక్కునివ్వలేదు. రెండవది తొలి లబ్ధిదారునికి హక్కునిచ్చింది కాని, తరువాతి తరం శ్రామికునికి ఇంటిని మిగల్చలేదు. కనుక ప్రజా గృహనిర్మాణాన్ని నిర్మించిన ఇళ్ల సంఖ్యతో మాత్రమే అంచనా వేయడం అసమగ్రం. అవి ఎంతకాలం ఉద్దేశిత వర్గానికి అందుబాటులో నిలిచాయన్నది కూడా ప్రమాణం కావాలి. నివాస భద్రతను, నిరంతర లభ్యతను ఏకకాలంలో సాధించే యాజమాన్య రూపమే ఈ రెండు విధానాలూ పరిష్కరించలేకపోయిన సమస్య.