ఆర్కాటు నవాబు అప్పులు

ప్రభుత్వోద్యోగి తాను కొలువు చేయుచున్న ప్రభుత్వమువలన తనకు బాకీ రావలసియున్నదని దావా తెచ్చినయెడల, ఆ బాకీ నిజమైనదో కాదో తేల్చువారెవరు? అతని తోడి యుద్యోగులే తేల్చి, ప్రజలిచ్చిన పన్నులనుండి చెల్లించినచో దానిని న్యాయమందుమా, పంపకమందుమా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మన నెల్లూరు, ఒంగోలు, పల్నాడు సీమల రైతుల శిస్తుతో ముడిపడి, పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండు పార్లమెంటువరకు పోయిన వ్యవహారమొకటి కలదు. దానిని పాఠకులకు కొంత వివరముగా తెలుప దలచితిమి.

ఆ సీమలు ఆనాడు ఆర్కాటు నవాబగు మహమ్మదాలీ వాలాజా యేలుబడిలోనివి. తిరుపతి దేవస్థానపు రాబడియు ఆయన ఖజానాకే చేరుచుండెను. నవాబు ఆర్కాటు విడిచి చెన్నపట్టణమున చేపాకు నగరులో కాపురముండెను. కంపెనీ సైన్యముల ఖర్చు ఆయన భరింపవలెను. చేత రొక్కము లేదు. అప్పిచ్చువారు మాత్రము పొరుగుననే, కోటలోనే యుండిరి. వారు కంపెనీ యుద్యోగులు. కొద్దిపాటి జీతములవారు లక్షల వరహాలు అప్పిచ్చినట్లు పత్రములు పుట్టినవి! తొలిదినములలో వడ్డీ నూటికి 20కిని పైబడి యుండెను. 1773 నాటి రెగ్యులేటింగు చట్టము వడ్డీ నూటికి 12కు మించరాదని కట్టడి చేసినది. అప్పునకు హామీగా నవాబు తాలూకాల శిస్తును తనఖా పెట్టుచుండెను. పైరు ఇంకను పొలముననుండగనే దానిపై రాబడి ఒక దొరగారి పెట్టెలో పత్రమై యుండెడిది. నిజముగా చేతికిచ్చిన రొక్కమెంత, కౌన్సిలులో మాటసాయమునకై ఊరక వ్రాసియిచ్చినదెంత అని లెక్క చూచినవారు లేరు.

ఈ ఋణదాతలలో పేరుమోసినవాడు పాల్ బెన్‌ఫీల్డు. 1776లో గవర్నరు పిగట్ ప్రభువు తంజావూరు సీమను దాని రాజునకు మరల నప్పగింపగా, ఆ సీమ శిస్తుమీద తనకు 2,30,000 పౌనులకు పైగా రావలయునని అతడు కౌన్సిలు నడిగెను. కౌన్సిలు తొలుత కాదనెను. పిమ్మట అందలి యధికసంఖ్యాకులు మాట మార్చిరి. గవర్నరు లొంగలేదు. తగవు ముదిరి ఆగస్టు 24వ తేదీన కౌన్సిలువారు గవర్నరునే పట్టి నిర్బంధించిరి. మరుసటి మే నెలలో, విడుదల కాకమునుపే, ఆయన మరణించెను. తరువాత నలుగురు సభ్యులకు ఇంగ్లండున పడిన శిక్ష తలకు వేయి పౌనుల జుల్మానా! వారి ఆదాయములనుబట్టి చూడగా ఇది శిక్ష యనుటకంటె రుసుమనుట తగును.

పిదప హైదరాలీ దండయాత్ర వచ్చినది, కరవు వచ్చినది. దేశము బూడిదయై యున్న ఆ కాలముననే 1784లో పిట్టు ఇండియా చట్టము పుట్టినది. నవాబు ఋణముల పుట్టుకను, వాని న్యాయాన్యాయములను కంపెనీ డైరెక్టర్లు విచారించి తేల్చవలెనని దానిలో స్పష్టముగా నున్నది. డైరెక్టర్లు అందులకు తగిన జాబునే వ్రాసిరి. కాని అదే చట్టమువలన ఏర్పడిన కంట్రోలు బోర్డు ఆ జాబును త్రోసివేసి వేరొకటి పంపినది. 1767 నాటి అప్పు, ఆశ్వికదళపు అప్పు, 1777 నాటి అప్పు, ఈ మూడును అంగీకరింపబడినవి. వానికై నవాబు రాబడినుండి యేటేట 12 లక్షల వరహాలు, అనగా 4,80,000 పౌనులు, కేటాయింపబడినవి. ఆక్షేపణలున్నచో నవాబుగాని, కంపెనీగాని, తోడి ఋణదాతలుగాని చెప్పుకొనవచ్చునట. నవాబు కాదనునా? తోడి ఋణదాత యెదుటివాని పత్రమును శంకించి తన పత్రమునకు ముప్పు తెచ్చుకొనునా? దొంగయనుటకు దొంగకే యధికారమిచ్చినట్లున్నది. తగవు తెగక యీడ్చుకొనిపోవుటకంటె తీరుటయే మేలని డండాసు వాదించెను. ఆ వాదములో కొంత నిజము లేకపోలేదు. వడ్డీ నిదురింపదు గదా. అయితే విచారించుట వేరు, ఆలసించుట వేరు.

1785 ఫిబ్రవరి 28వ తేదీన ఎడ్మండు బర్కు కామన్సు సభలో దీనిపై చేసిన యుపన్యాసమును చదువరులు వీలైనచో తప్పక చదువవలెను. గత పార్లమెంటునకు బెన్‌ఫీల్డు, తన్ను కలిపికొని, ఎనిమిదిమందిని సభ్యులను చేసెనని ఆయన ఆరోపించెను. కర్ణాటక, తంజావూరు సీమలలో పెద్దవియు మధ్యమములును కలిపి పదివేలకు తక్కువ కాని చెరువులు గలవనియు, వాని బాగుకు పోవలసిన సొమ్ము ఈ పత్రములకు పోవుచున్నదనియు వాదించెను. ఈ దేశమున నడుగిడని యాయన చెరువుల విలువను ఇంతగా తెలిసికొనుట మాకు ఆశ్చర్యము గొలుపుచున్నది. అయినను సభ ఆయన పక్షమును ఓడించినది.

విచారణ లేక అప్పులు చెల్లుట చూచిన పిమ్మట క్రొత్త యప్పులు పుట్టకుండునా? 1801లో కర్ణాటకము కంపెనీ పాలనలోనికి వచ్చునప్పటికి దావాలు గుట్టలై యుండెను. ఈసారి పద్ధతి మారినది. 1805లో ఋణదాతలతో ఒడంబడిక జరిగి, లండనులోను చెన్నపట్టణములోను కమిషనర్లు నియమింపబడిరి. సాక్షులను ప్రమాణముపై విచారించు అధికారమును 1806 నాటి చట్టము వారికిచ్చెను. పత్రము చూపిన చాలదు. రొక్కము చేతులు మారెనని ఋజువు కావలెను. 1814 నవంబరునాటికి వారు తేల్చిన దావాల మొత్తము రెండు కోట్ల పౌనులకు పైబడెను. అందు నిజమని నిలిచినది సుమారు 13½ లక్షలు. తక్కిన 1 కోటి 90 లక్షలును చెల్లనివని త్రోసివేయబడినవి. ఇరువది పాళ్లలో ఒక పాలు మాత్రమే నిలిచినదన్నమాట!

1784లో అంగీకరింపబడిన మూడు ఋణములకు మాత్రము ఈ పరీక్ష జరుగలేదు. కమిషనర్లు కూర్చుండునప్పటికే వానికి నవాబు సీమల శిస్తునుండి ఏండ్లతరబడి చెల్లింపులు జరిగిపోయి యుండెను.