కోరంగి రేవు దాటిన ఇంటిపేర్లు

ఇంగ్లండు పల్లెల్లో 1538 నాటి రాజాజ్ఞతో మొదలైన చర్చి రిజిస్టర్లు బాప్తిస్మాలను, పెళ్ళిళ్ళను, ఖననాలను నమోదు చేసి వంశాల జాడ నిలిపాయి; గోదావరి డెల్టా నుంచి ఒప్పంద కూలీలుగా, అంటే ఇన్నేళ్ళు పనిచేస్తామని కాగితం రాసి, మారిషస్ చెరకు తోటలకు వెళ్ళినవారి జాడ మాత్రం అక్కడి మోకా అనే ఊళ్ళో మహాత్మాగాంధీ సంస్థ భద్రపరచిన వలస రిజిస్టర్లలో ఉంది. కాకినాడకు దక్షిణాన ఉన్న కోరంగి రేవు పేరుమీదుగానే ఆ దీవిలో తెలుగువారిని ‘కోరంగీలు’ అన్నారు. ఆ రిజిస్టర్లలో వలస వచ్చిన మనిషికి కేటాయించిన సంఖ్య పక్కన తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఎత్తు, చివరికి ఒంటిమీది మచ్చ కూడా కనిపిస్తాయి. గుమాస్తాలు చెవికి వినబడినట్టు రోమన్ లిపిలో రాసుకున్నందువల్ల ఊళ్ళ పేర్లు రూపు మారాయి, ఇంటిపేర్లు చాలాచోట్ల జారిపోయాయి. ఇంటిపేరుతోనే వంశం చెప్పుకునే తెలుగువారికి ఇది తీరని లోటు. అందుకే వెతికేవారు ఆ అక్షరాలను పైకి చదివి, తెలుగు చెవితో విని, ఊరిని పోల్చుకోవలసి ఉంటుంది.